మక్కల పెట్టె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన భానుప్రసాద్ ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంటాడు. ఉంటుంది మరి. మా అత్తమ్మను వెంటబెట్టుకుని ఒక ఫ్రీజర్ కోసం కరీంనగర్‌లో షాపులు తిరిగి చూడండి, మీకు ముక్కు మీద ఆగదు, నెత్తికెక్కుతుంది.

సంగతేమిటంటే, నేను మక్క గారెలు చేసి అమ్ముతాను. పచ్చి మొక్కజొన్న కంకులు ఒలిచి, గింజల్లో పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర వేసి కచ్చాపచ్చాగా రుబ్బి నూనెలో వేశానంటే మా గల్లీ గల్లీ అంతా గేటు వైపు చూస్తుంది. వానాకాలమంతా ఊపిరాడదు. కంకులు అయిపోయాయా, నా పనీ అయిపోయినట్టే. ఎండిన మక్కలతో గారెలు కావు, గులకరాళ్లవుతాయి. అలాంటిది ఈసారి పెళ్లి వంటల కాంట్రాక్టరు రామచంద్రం ఇంటికే వచ్చి కూర్చున్నాడు.

“మాఘమాసం పెండ్లిళ్లకు మక్క గారెలు కావాల్నని అడుగుతుండ్రు చెల్లె. నువ్విస్తనంటే నా ఆర్డర్లన్ని నీకే. కాదంటే ఇప్పుడే చెప్పు, మంచిర్యాల్ల ఇంకొకామె ఉన్నది.”

ఇంకొకామె! ఆ మాటతో నాకు ఒళ్లు మండింది. ఇస్తాను పో అన్నాను.

అనేశాక భయం పట్టుకుంది. లేత కంకులు దొరికేది మహా అయితే ఇంకో రెండు వారాలు. ఆలోపు బస్తాలకు బస్తాలు కొని, ఒలిచి, గింజలు గడ్డకట్టించి దాచాలి. మా ఫ్రిజ్ పై అరలో ఒక ఐస్ ట్రే పెడితే రెండో వస్తువుకు చోటుండదు. పెద్ద ఫ్రీజర్ కావాలి. అది పెట్టడానికి ఇంట్లో ఉన్న చోటు ఒక్కటే, ముందు గది. ఆ గది అత్తమ్మది. ఆమె మంచం, ఆమె టీవీ, గోడ మీద మామ ఫొటో. మా అత్తమ్మ చంద్రవ్వ సరేనంటేనే ఫ్రీజర్, ఫ్రీజర్ వస్తేనే గారెలు. లేకపోతే మంచిర్యాల ఆమె మాఘమాసమంతా నా గారెలు వేసుకుంటూ కూర్చుంటుంది.

అత్తమ్మ వద్దని ఒక్కసారి కూడా అనలేదు. అదే నా ఖర్మ. వద్దంటే కొట్లాడవచ్చు. “సూద్దాం పా” అని నాకంటే ముందు చెప్పులేసుకుని ఆటో ఎక్కింది. మా ఆయనా వెంట వచ్చాడు.

మొదటి షాపులో నిలువు ఫ్రీజర్ చూపించారు. తలుపు తీస్తే లోపల అన్నీ సొరుగులు. నాకు నచ్చలేదు. బస్తాల సరుకు సొరుగుల్లో ఏం సర్దను, సగం మక్కలు కూడా పట్టవు అన్నాను. అత్తమ్మకు మాత్రం ముచ్చటేసింది. “బీరువా తీర్గ మంచిగున్నది గదనే,” అంది.

రెండో షాపులో మూత పైకి లేపే పొడుగు పెట్టె చూపించారు. అది చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అత్తమ్మ రెండడుగుల దూరంలోనే నిలబడిపోయింది.

“గింత పొడుగుదా? ముందటర్రల కాలు వెట్ట సందుండది.”

చిన్న పెట్టె చూపించమన్నాను.

“గండ్ల ఏం పడ్తయి? గుప్పెడు మక్కలు పడ్తయి.”

నడిమి సైజు చూపించారు.

“మూత మీద వడ్తే చెయ్యి ఇరుగుతది. కరెంటు బిల్లు ఇల్లును మింగుతది. ఎలుకలు జేరుతయి.”

“మైనస్‌లో ఎలుకలేంది అవ్వా, చలికి చస్తయి,” అన్నాడు మా ఆయన.

“సచ్చినంక కంపు గొట్టయా?” అంది.

షాపు వాళ్లు నవ్వుకున్నారు. నేను పళ్లు కొరుక్కున్నాను. ఇద్దరినీ లాక్కుని టవర్ సర్కిల్ దగ్గర ఫజలుద్దీన్ షాపుకు పోయాను. మా పక్కింటి బిస్మిల్లా బీకి ఆయన దూరపు చుట్టం. తల నెరిసిన మనిషి, నిదానంగా చెబుతాడు.

“నిలువుదైతే తలుపు దెరిస్తే చాలు, సల్లదనమంతా కిందికెల్లి కారిపోతది అమ్మా. గీ అడ్డం పెట్టె గట్ల కాదు. మూత దీసినా సల్లదనం లోపట్నే కూసుంటది. కరెంటు పోయినా ఫికర్ లేదు. నిండ నింపిండ్రనుకో, ఇంక మంచిది.”

ఇంతకంటే ఏం కావాలి? ఇక తేల్చేద్దామని అత్తమ్మ కోసం వెనక్కి తిరిగాను. ఆమె మా దగ్గర లేదు. షాపు మూలన ఐస్‌క్రీములు పెట్టి నడుపుతున్న అద్దం మూత పెట్టె ఒకటి ఉంది. దాని మీదికి వంగి, కొంగుతో అద్దం తుడుస్తోంది. ఇక్కడికి వచ్చింది అద్దాలు తుడవడానికా అని అరవబోయాను. నోరు తెరిచాను కూడా.

ఆమె అద్దం మొత్తం తుడవడం లేదు. ఒక చివర మాత్రమే, మనిషి మొహం పట్టేంత మేర తుడుస్తోంది. పొగమంచు మళ్లీ కమ్ముతోంది, ఆమె మళ్లీ తుడుస్తోంది.

మా మామ రాములు పోయింది నిరుడు ఎండాకాలంలో. ఆడబిడ్డ పద్మలత మస్కట్ నుంచి రావాలి. ఆమె వచ్చేదాకా మామను అద్దం మూత ఉన్న ఐస్ పెట్టెలో ఉంచాం. ఆ పెట్టె పెట్టింది ముందు గదిలోనే. అత్తమ్మ దాని పక్కనే కూర్చుని, అద్దానికి పట్టిన మంచు కొంగుతో తుడుస్తూనే ఉంది. కాసేపు పడుకోమని ఎవరెంత చెప్పినా వినలేదు. తుడవకపోతే ఆయన మొహం కనబడదు కదా.

ఇదంతా తెలిసి కూడా నాకు తట్టలేదు. ఎలుకలట, బిల్లట! ఆ మాటలు పట్టుకుని నేను కొట్లాడుతున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది. వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“అత్తమ్మా, పా. గా బీరువా అసొంటిదే తీస్కుందాం.”

“గండ్ల సగం మక్కలు గూడ పట్టవంటివి?”

“సగం ఆర్డర్లే ఒప్పుకుంట. ఏమైతది?”

ఆమె కొంగు సర్దుకుని నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

“సగమెందుకే? తక్కిన సగం గా మంచిర్యాల్ల ఆమెకు కట్నం వెడ్తవా?” అంది. కళ్లు తుడుచుకుని, “పెట్టెతోని నాకేం పంచాయితీ లేదు బిడ్డా. ఖాళీ పెట్టెను జూస్తెనే పాణం బుగులు బుగులైతది. గా అడ్డం పెట్టెనే తీస్కో. గని నా కండ్ల ముందట ఒక్క గడియ గూడ ఖాళీగ ఉంచకు,” అంది.

ఉంచనని మాటిచ్చాను. గట్టి మూత ఉన్న పెద్ద పెట్టె ఖాయం చేశాం. అప్పుడు ఫజలుద్దీన్ మెల్లగా అసలు చిక్కు బయటపెట్టాడు. ఇంటికి చేరాక పెట్టెను కాసేపు ఊరికే నిలపాలట. తర్వాత ఖాళీగా నడిపించి, బాగా చల్లబడ్డాకే సరుకు వెయ్యాలట. అంటే ఒక పూట ఖాళీ పెట్టె ముందు గదిలో ఉండి తీరాలి.

ఉపాయం నాకే తట్టింది. సోమవారం అత్తమ్మ, తన స్నేహితురాలు శంకరవ్వతో కలిసి వేములవాడ రాజన్న దర్శనానికి పోతోంది. పొద్దున పోతే మళ్లీ వచ్చేది సాయంత్రమే. ఆ రోజే పెట్టె రావాలని ఫజలుద్దీన్‌కు చెప్పాను.

సోమవారం అత్తమ్మ ఎక్కిన ఆటో గల్లీ మలుపు తిరిగిందో లేదో పెట్టె దిగింది. వెనకే కంకుల బస్తాలు దిగాయి. ముందు గది, వాకిలి అంతా కంకులే. బిస్మిల్లా బీ, ఆమె కోడలు ఆఫ్రీన్ వచ్చి కూర్చున్నారు. మా ఆయన తన దుకాణానికి తాళం వేసి వచ్చాడు. ఒలిచీ ఒలిచీ బొటనవేళ్లు మొద్దుబారాయి. మధ్యాహ్నం దాటాక ఆఖరి కంకి ఒలిచి, గింజలు సంచుల్లో కట్టి, చల్లబడ్డ పెట్టెలో పేర్చాను. పేర్చి లోపలికి వంగి చూశాను.

పెట్టె సగం కూడా నిండలేదు.

బస్తాలో కొండంత కనబడే కంకి, పొట్టూ బెండూ పోతే గింజలు ఇంతేనని నాకు తెలియదా? రోజూ చేసే పనే! లెక్క మాత్రం బస్తాలు చూసి వేసుకున్నాను.

“సగం నిండింది గద, అట్లనుకో,” అన్నాడు మా ఆయన ఓదార్పుగా. నేను చూసిన చూపుకు లేచి మార్కెట్టుకు పరిగెత్తాడు. కంకులన్నీ పొద్దున్నే అమ్ముడుపోయాయని అక్కడి నుంచి ఫోన్ చేశాడు. నేను కంకుల పొట్టు మీదే కూలబడి ఏడుపందుకున్నాను. ఇచ్చిన మాట ఒక్క పూటకే తప్పిపోతే ఆమె మొహం ఎలా చూడను?

“అరె, ఎందుకట్ల పరేషాన్ అయితవు బేటీ?” అంది బిస్మిల్లా బీ. “మక్కలే ఉండాల్నని చంద్రవ్వ చెప్పిందా? నిండుగ ఉండాలె, అంతే గద!”

ఆమె లేచి ఇంటికి పోయి తన ఫ్రిజ్ దులిపేసింది. వేయించడానికి చేసి పెట్టుకున్న సమోసాలు, మామిడి గుజ్జు డబ్బాలు, బఠానీలు ఆఫ్రీన్ చేతుల నిండా వచ్చాయి. వస్తూ వస్తూ బీ గల్లీ అంతా చాటింపు వేసింది. కిరాణా సదానందం పాల ప్యాకెట్లు పంపాడు. ఎదురింటి వాళ్లు అల్లం వెల్లుల్లి ముద్ద ఇచ్చారు. ఎవరో చింతపండు కూడా పంపారు. చింతపండుకు చలెందుకని నేను అడగలేదు, తోసేశాను. మా ఆయన ఉత్త చేతులతో రాలేక కొత్తిమీర, కరివేపాకు, ఎక్కడ దొరికాయో గానీ ఇన్ని పనసతొనలు పట్టుకొచ్చాడు. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు నింపి మిగిలిన సందుల్లో కూరాం. మూత పడకపోతే బీ దాని మీద కూర్చుంది.

ఆమె దిగుతుండగానే వాకిట్లో ఆటో ఆగింది.

అత్తమ్మ లోపలికి వచ్చింది. ప్రసాదం సంచి మంచం మీద పెట్టింది. నిరుడు ఐస్ పెట్టె ఉన్న చోటే, అదే గోడ పక్కన ఈ తెల్ల పెట్టె. దాని ముందు ఆమె కదలకుండా నిలబడింది. మూత తీయొద్దు, రేపు చూద్దువులే అనాలనిపించింది.

రెండు చేతులతో ఆమే మూత ఎత్తింది. తెల్లటి చలి పొగ మొహం మీదికి లేచింది. అది పలచబడేదాకా ఆగి, లోపలికి వంగి ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసింది. మక్కల సంచులు తడిమింది. సమోసాల డబ్బా పక్కన వేలు దూరుతుందేమో చూసింది, దూరలేదు. అరచేత్తో అంతటినీ అదిమి చూసింది.

“ఇగ గీ పెట్టెల ఎవ్వలు పట్టరు తియ్యి,” అంది.

బిస్మిల్లా బీ మొహం తిప్పుకుంది. మా ఆయన వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. నాకైతే ఏడుపు ఆగలేదు. అత్తమ్మ మాత్రం మూత దబ్బున వేసి, వేములవాడ నుంచి బస్సులో నిలబడే వచ్చానని, అందరికీ చాయ్ పెట్టమని నన్ను కసిరింది.