టిఫిన్ తర్వాత

నేను ఒక మందుల చీటీని. కోరుట్లలో ఒక డాక్టరు గారి బల్ల మీద, నాలాంటివే వంద కాగితాల కట్టలోంచి చింపితే పుట్టాను. ఆయన రాత బ్రహ్మరాతకు తోబుట్టువు, చదవడం ఎవరి తరమూ కాదు. బీపీకి రోజుకొక గోలీ అని ఆయన రాసినదాంట్లో అందరికీ అర్థమయ్యేవి మూడు మాటలే: ఉదయం, టిఫిన్ తర్వాత. ఆ మూడు మాటలు నా మీద ఉన్నందుకు ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నన్ను అందుకున్నది బుచ్చవ్వ, బీడీలు చుట్టే మనిషి. నాలుగు మడతలు పెట్టి బీడీల చాటలో తునికాకు కింద దాచింది. అందుకే నా దగ్గర పొగాకు వాసన. చదువు రానివాళ్ళే కాగితాన్ని ప్రాణంలా చూసుకుంటారు. చదువుకున్నవాళ్ళు నాలాంటివాటిని చొక్కా జేబులో మరిచిపోయి ఉతకడానికి వేస్తారు.

బుచ్చవ్వ నన్ను నెలనెలా బస్టాండు వెనక ఖలీల్ మందుల దుకాణానికి తీసుకుపోయేది. అతనిదొక పద్ధతి. ముప్పై గోలీలు ఇచ్చి, నా వీపు మీద ఆనాటి తేదీ ముద్ర కొట్టేవాడు. చీటీ పాతబడిందంటే అమ్మేవాడు కాదు. "అవ్వా, డాక్టర్ సారుకు ఒక్కసారి సూపెట్టుకొని రా, అప్పుడిస్త" అని తిప్పి పంపేవాడు. వ్యాపారం తెలియనివాడు అనుకునేదాన్ని.

మొదట్లో ముద్రలన్నీ ముప్పై రోజులకొకటి, తప్పకుండా పడ్డాయి. ఇంతలో బుచ్చవ్వ భర్త గంగారాంకు గుండెనొప్పి వచ్చింది. స్టెంటు వేసి ఇంటికి పంపారు. మొగుడు బాగుంటే చాలని ఆమె మొక్కుకుంది: సోమవారం వేములవాడ రాజన్నకు, శనివారం కొండగట్టు అంజన్నకు ఒక్కపొద్దు. పొద్దంతా ఏమీ తినదు. దీపం పెట్టాకే అన్నం.

ఆ రెండు రోజులూ టిఫిన్ లేదు. టిఫినే లేనప్పుడు, టిఫిన్ తర్వాత వేసుకునే గోలీ మాత్రం ఎక్కడిది? బుచ్చవ్వ లెక్క అది. చాటలోంచి అన్నీ చూస్తూనే ఉన్నాను. చెప్పడానికి నాకు నోరేదీ?

ముప్పై గోలీలు నలభై రెండు రోజులు రావడం మొదలైంది. ఖలీల్ నా వీపు చూసి ఆగాడు.

"అవ్వా, గోలీలు మంచిగ ఏసుకుంటున్నవా?"

"సారు రాసినట్టే ఏసుకుంటున్న బిడ్డా." అబద్ధం కాదు. ఆమె మనసులో అది నిఖార్సయిన నిజం.

"చాయ తాగుతవా?"

"వద్దు బిడ్డా, ఇయ్యాల ఒక్కపొద్దు."

ఖలీల్ కళ్ళు గోడమీది క్యాలెండర్ వైపు వెళ్ళాయి. అతనికి అర్థమైందని నాకు అర్థమైంది. అతనికీ బీపీయే. రంజాన్ నెలలో డాక్టరును అడిగి, పొద్దటి గోలీని ఇఫ్తార్ తర్వాతికి మార్చుకున్న మనిషి. ఉపాయం అతని నాలుక చివరే ఉంది. కానీ ఆమె దేవుడు, ఆమె మొక్కు. తాను వేలు పెడితే ఏమనుకుంటుందోనని జంకాడు. నోరు తెరిచి, మూసి, నా మీద ముద్ర కొట్టి ఇచ్చేశాడు. ఎప్పుడూ గట్టిగా కొట్టేవాడు, ఆ రోజు మాత్రం ముద్ర సగమే పడింది.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం, ఆకు కత్తిరిస్తూ బుచ్చవ్వ చాట మీదికి ఒరిగిపోయింది. కత్తెర నా పక్కనే పడింది. మెదడులో నరం చిట్లిందన్నారు. మూడో రోజు ఆసుపత్రి నుంచి ఆమెను తెచ్చారు, నడిపించుకుని కాదు.

పదకొండు దినాలు గడిచాక గంగారాం నన్నూ, మిగిలిన గోలీలనూ దుకాణానికి తెచ్చాడు.

"ఇవి ఎవలకన్న అక్కరకొస్తయా, ఖలీల్ బాయి?"

"ఒకల గోలీలు ఒకలకు ఇయ్యద్దు కాక." ఖలీల్ వాటిని తీసి పక్కన పెట్టాడు. నన్ను మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఇంకో మాట. ఆమె మొక్కు సగంల ఆగింది. ఇగ నేనుంట ఒక్కపొద్దు. మరి నా గుండె గోలి పొద్దుగాల తిన్నంక గదా, ఆ దినం ఇడిసిపెట్టాల్నా?"

ఖలీల్ వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి అడిగాడు. పెట్టేశాక, "ఒక్క పూట గూడ ఇడువద్దు కాక. ఆ రెండు దినాలు మాపటికి అన్నం తిన్నంక ఏసుకో. గోలితోని ఒక్కపొద్దు చెడది" అన్నాడు.

గంగారాం మెట్టు దిగబోయి వెనక్కి తిరిగాడు.

"గింతేనా? మా బుచ్చవ్వకు ఈ ముచ్చట ఎవ్వలు చెప్పలే, బాయి."

నింద వేయాలని కాదు, పాపం, ఉత్తగానే అన్నాడు. అతను వెళ్ళాక ఖలీల్ వేలితో నా వీపు మీది ముద్రలు ఒక్కొక్కటే తడిమాడు. సగం పడిన ముద్ర దగ్గర వేలు కదల్లేదు. కాగితం తడిసింది.

ఇప్పుడు నేను దుకాణం బల్ల అద్దం కింద ఉన్నాను. వచ్చిన ప్రతివాళ్ళనూ, బొట్టున్నా బురఖా ఉన్నా, ఖలీల్ అడుగుతాడు: "ఒక్కపొద్దులు ఉంటరా? ఆ దినం గోలి ఎప్పుడు ఏసుకుంటున్నరు?" కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాడు.

గంగారాం సరిగ్గా ముప్పై రోజులకొకసారి వస్తాడు. సోమవారం, శనివారం మాపటికి రెండు ముద్దలు తిని, గోలీ వేసుకుని, ఆమె పటానికి మొక్కుతాడట. అతని చీటీ వీపు నిండిపోతోంది. నా వీపు మీద ఇంకా బోలెడు చోటుంది.