పక్కింటి మెట్లగది నీడ

భూగోళం మాస్టారికి తన మీద తనకే ఒళ్ళు మండిపోతోంది. పాతికేళ్ళుగా పిల్లల చెవులు మెలిపెట్టి మరీ సూర్యుడి పాఠం చెప్పిన మనిషి, సొంత డాబా మీద సూర్యుడి లెక్క తప్పాడు.

సోలార్ పలకలు పెట్టించింది అక్క కోసం. తల్లి పోతే చంకనేసుకుని పెంచిన అక్క. ఊపిరితిత్తులు పాడై ఏడాదిగా ఆక్సిజన్ మిషన్ పక్కనే ఆమె మంచం. మిషన్‌కేమో కరెంటు కావాలి. ఆ పేటలో కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది.

నడివేసవిలో మాస్టారు మూడు రోజులు డాబా మీద మాడి, గంటగంటకీ నీడ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీతలు గీశాడు. దక్షిణపు అంచున ఒక్క గీతా పడలేదు. "ఇక్కడే బిగించు" అన్నాడు మెకానిక్‌తో.

"అటు పక్కింటి మెట్లగది ఎత్తుగా ఉంది సార్. కాస్త వెనక్కి జరుపుదామా?" అని నసిగాడు మెకానిక్.

"సూర్యుడి సంగతి నాకు చెబుతావా?" అని మాస్టారు నవ్వేసి, పలకల కాళ్ళు కాంక్రీటులో పాతించేశాడు.

ఇప్పుడు చలికాలం. సూర్యుడు దక్షిణానికి వాలిపోయి ఆ మెట్లగది వెనక నక్కి నక్కి నడుస్తున్నాడు. నాలుగు పలకల్లో చివరిదాని మీద మధ్యాహ్నమంతా నీడే. ఒక్కదాని మీద నీడ పడితే తక్కిన మూడూ దానితోపాటే చతికిలబడతాయని మాస్టారికి ఈ నెలలోనే తెలిసింది. వేసవి గీతలు వేసవికే పనికొస్తాయని ఆరో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెప్పేవాడు.

ఆ రోజు లైను బాగుచేయాలని పొద్దున్నే పేటంతా కరెంటు తీసేశారు. మూడింటికి గానీ రాదన్నారు. ఒంటిగంటకల్లా బ్యాటరీ ఇరవై శాతానికి దిగింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఎల్లుండి వచ్చి జరుపుతానన్నాడు. సిలిండర్ల కొట్టువాడు బండి నాలుగింటికి బయల్దేరుతుందన్నాడు. అంబులెన్సు వాళ్ళు ఖాళీ అవగానే పంపుతామని పెట్టేశారు.

మాస్టారు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరికి బీరువా తలుపుకున్న నిలువుటద్దం ఊడదీసి డాబా ఎక్కాడు. ఎండలో నిలబడి, అద్దం వాల్చి, నీడపడ్డ పలక మీదికి వెలుగు మళ్ళించాడు. పలక సగమైనా నిండలేదు. పైగా సూర్యుడు ఆగడు కదా, కాసేపటికోసారి తనూ అడుగు జరపాలి. చేతులు పీకుతున్నాయి.

"ఏం చేస్తున్నావురా పైన?" కిటికీలోంచి అక్క గొంతు.

"సూర్యుణ్ణి పట్టుకుంటున్నానక్కా."

"పాతికేళ్ళు పాఠం చెప్పి... ఇప్పుడా... పట్టుకోవడం?" ఆ ఎగతాళికే ఆమె రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

"ఇన్వర్టర్ మీద అంకె ఎంతుందో చూడు."

"పన్నెండు."

మాస్టారు అద్దం ఇంకాస్త వాల్చి, మెడ వంచి, వెలుగు పలక మధ్యకి తెచ్చాడు. పదినిమిషాలాగి మళ్ళీ అడిగాడు.

"ముప్ఫై అయిందిరా. ఇంక దిగు."

అక్కకి అబద్ధం ఆడటం ఎన్నడూ చేతకాదు. ఈ కాసింత వెలుగుకి అంత పెరగదని అతనికి తెలుసు. అక్క మీద కోపమొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"నిజం చెప్పక్కా."



"నిజం చెప్పాలంటే... భయంగా ఉందిరా," అంది అక్క. "వచ్చి పక్కన కూర్చో."

పుట్టి బుద్ధెరిగాక అక్క నోట ఆ మాట వినలేదు. అద్దం దించితే ఉన్న కాస్తా పోతుంది. దించకపోతే అక్క ఒక్కతే.

"వస్తున్నానక్కా," అంటూనే, మాస్టారు జరిగిపోతున్న ఎండ వెనకే ఇంకో అడుగు జరిగాడు.