పన్నెండో గీత

గుడియాత్తం బస్టాండులో ఆరు నలభై బస్సుకి సురేఖ రోజూ రెండు సీట్లు పట్టేది, ఒకటి తనకు, ఒకటి మోహనకు. మోహనను కిటికీ పక్కన కూర్చోబెట్టి తను ఈ చివర కూర్చునేది. స్నేహం కొద్దీ అనుకునేరు! గాలికి మోహన జడ చెదిరిపోతుందేమోనని ఆశ. పళ్ళికొండ దాటినా, వేలూరు వచ్చినా ఆ జడలో ఒక్క వెంట్రుక కదిలేది కాదు. నిన్న మధ్యాహ్నం వేసిన జడ, ఈ పొద్దుటికీ అట్లాగే ఉండేది. చూసి చూసి సురేఖకు కడుపు మండేది.

మండదా మరి? ఆ జడ వేసింది వాళ్ళమ్మ కాదు, అక్క కాదు. నర్సింగు కాలేజీ టాబ్‌లో ఉండే అవ్వ, చిన్నమణి పాటి.

పిల్లలు మందులు వెయ్యడం నేర్చుకోవాలని కాలేజీ వాళ్ళు నలభై టాబ్‌లు తెప్పించారు. టాబ్ అద్దం లోపల ఒక మంచం, దాని మీద చక్కెర జబ్బు ఉన్న డెబ్భై ఏళ్ళ చిన్నమణి. డాక్టరు చీటీ చదవాలి, లెక్క కట్టాలి, వేలితో సిరంజిలోకి ఇన్సులిన్ లాగి ఆమెకు వెయ్యాలి. వార్డులో తప్పు చేస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుంది, ఆ తప్పేదో ముందు ఇక్కడే చేసేసుకొమ్మని. నలభై టాబ్‌లలోనూ అదే చిన్నమణి, కానీ ఒక్కొక్కరి దగ్గర ఒక్కో తీరు. బాలా దగ్గర గురక పెట్టేది. జీవా దగ్గర కాఫీ అడిగేది. మోహన దగ్గర మాత్రం, మందు పడగానే మోచేతుల దాకా రెండు చేతులూ అద్దంలోంచి బయటికి చాచి, "ఇట్ల తిరుగు తల్లీ" అని తలదువ్వి జడ వేసేది. ముంజేతి మీద పచ్చబొట్టు, చేతినిండా గాజులు.

పాఠం చెప్పే శంకరన్ సార్ దానికేమీ అనేవాడు కాదు. "గంట కొట్టేలోగా జడ అయిపోవాలమ్మా, టాబ్‌లో ఛార్జి మిగలాల" అనేవాడు, అంతే.

సురేఖ దగ్గరో? చిన్నమణి గోడవైపు తిరిగి పడుకునేది. పిలిచినా పలికేది కాదు.

ఎందుకో సురేఖకు తెలుసు, ఒప్పుకునేది కాదు గానీ. వాళ్ళ నాయన బలరామయ్యకు బజారు వీధిలో బియ్యం అంగడి. బియ్యం కొలిచే పడి నిండా పోశాక, పైన ఒక గుప్పెడు కొసరు వెయ్యకపోతే ఆయనకు చెయ్యి ఆడదు. చిన్నప్పటి నుంచీ అంగట్లో కొలిచిన చెయ్యి సురేఖది కూడా. పన్నెండు యూనిట్లు లాగమంటే పన్నెండో గీత దగ్గర ఆగుతుంది, ఆగి, దానంతటదే ఇంకొక్క గీత జరుగుతుంది. పదమూడు. రెండుసార్లు పరీక్ష పోయింది ఆ ఒక్క గీత మీదే. మోహన మగ్గం ఇంటి పిల్ల. లుంగీలో పోగు ఒకటి ఎక్కువైనా, ఒకటి తక్కువైనా నేత చెడిపోతుందని ఊయలలోనే విన్నది. పన్నెండంటే ఆమెకు పన్నెండే.

"నీకేమే, పాటికి నువ్వంటే పిచ్చి" అంది సురేఖ ఒకరోజు బస్సులో.

"నాకేం తెలుసు? ఆ యమ్మ చేతులు చాపుతాది, నేను కూచుంటా."

"నా దగ్గర మొగం గూడా చూపించదు గదా!"

"అలిగి ఉండాదేమో. మంచిగా మాట్లాడి చూడు" అంది మోహన. ఆ మంచి మాటకు సురేఖకు ఇంకా ఒళ్ళు మండింది.

మూడోసారి పరీక్ష, ముందటి రెంటిలో నెగ్గినవాళ్ళకూ తప్పదు, వార్డు బ్యాడ్జి దీని మీదే. ఇది కూడా పోతే వార్డు లేదు, తర్వాతి బ్యాచ్ చిన్నపిల్లలతో మళ్ళీ మొదటి నుంచీ కూర్చోవాలి. ఆ వారం బీరువాలోంచి టాబ్‌లు తీసి అందరికీ పంచే పని సురేఖది. పదిహేడో నెంబరు మోహనది, పద్దెనిమిది తనది. సురేఖ పదిహేడు తన బల్ల మీద పెట్టుకొని పద్దెనిమిది మోహన ముందు పెట్టింది. అంతే, ఇంకేం ఆలోచించలేదు. ఆ ముసలామెకు ఎట్లా అయినా తన మొగం చూపించాలి, తన జుట్టు దువ్వించుకోవాలి, అదొక్కటే మనసులో ఉంది.

గంట కొట్టారు. గంట కొట్టాక నోరెత్తకూడదు. మోహన తన ముందున్న అద్దంలో గోడవైపు తిరిగిన వీపును చూసింది, సురేఖ వైపు ఒకసారి చూసింది, తల దించుకుంది.

సురేఖ అద్దంలో చిన్నమణి ఇటే తిరిగి ఉంది, నవ్వింది కూడా! సురేఖ సిరంజి లాగుతూ, తన ఆనందం మోహన చూస్తున్నదా లేదా అని పక్కకు చూసింది.

మోహన చూడటం లేదు. తన రెండు చేతులూ మోచేతుల దాకా అద్దం లోపలికి పెట్టి, గోడవైపు తిరిగిన ముసలామె జుట్టు చిక్కు తీస్తోంది. తొందర లేదు. చిక్కు తీసి, దువ్వి, ముడి వేసింది. ముసలామె మెల్లగా ఇటు తిరిగింది.

అన్నాళ్ళూ సురేఖ ఆ చేతులు ఎప్పుడు బయటికి వస్తాయా అని చూసింది. తన చేతులు లోపలికి పెట్టొచ్చని ఒక్కనాడూ తట్టలేదు. కుళ్ళు కడుపులోంచి గొంతు దాకా వచ్చింది. ఆ మంటలో వేలు ఎప్పుడు జరిగిందో చూసుకోలేదు. పదమూడు.

శంకరన్ సార్ తన కంప్యూటర్లో టాబ్ నెంబర్ల వారీగా చూసి చదివాడు. "పదిహేడు, మోహన, ఫెయిల్. ఎన్నమ్మా ఇది, నువ్వా? పద్దెనిమిది, సురేఖ, నూటికి నూరు. శభాష్! వచ్చి వార్డు బ్యాడ్జి తీసుకో."

మోహన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకొని ముందున్న టాబ్ మూసింది. సురేఖ లేచింది. బ్యాడ్జి కోసం చెయ్యి చాచబోయింది, చెయ్యి రాలేదు. కింద చూస్తే అద్దంలోంచి పచ్చబొట్టు చెయ్యి ఆమె మణికట్టు పట్టుకొని ఉంది. గింజుకుంది. కూలీ పనులు చేసిన చెయ్యిలా ఉంది, సడలలేదు.

"ఏమమ్మా, రావా?" అన్నాడు సార్.

"వదులు పాటీ" అంది సురేఖ పళ్ళ బిగువున.

పాటి వదల్లేదు. కోపంగా కూడా లేదు. అంగట్లో ఎవరైనా ఇంకో గుప్పెడు వేయబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టినట్టు పట్టుకొనుంది.

సురేఖకు ఏడుపొచ్చేసింది. "సార్, ఆ మార్కు నాది గాదు. టాబ్‌లు నేనే మార్చినాను. ఫెయిలైంది నేను, నూరు మోహనది."

చెయ్యి వదిలింది. మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు మిగిలాయి.

సార్ చాలాసేపు తిట్టాడు, అరవంలో కొంత, తెలుగులో కొంత. మోహన వార్డుకు వెళ్ళింది. సురేఖ చిన్నపిల్లల బ్యాచ్‌లో చివరి బెంచీకి వెళ్ళింది. ఆ సాయంత్రం బస్సులో మోహన రెండు సీట్లు పట్టి ఉంది. "కిటికీ పక్కన కూచో" అంది. ఆ మాట మరీ కష్టంగా ఉండింది సురేఖకు.

కొత్త బ్యాచ్‌లో మొదటి రోజు సురేఖ పద్దెనిమిదో టాబ్ తెరిచింది. వీపు కనిపించింది. చేతులు లోపలికి పెట్టింది. లోపల ఆసుపత్రి గదిలాగే చల్లగా ఉంది. చిక్కు తీసింది, గట్టిగా లాగితే "మెల్లగే, తల్లీ" అని గొణిగింది వీపు. దువ్వి ముడి వేసింది. చిన్నమణి తిరిగింది.

సురేఖ ఇన్సులిన్ లాగింది. పది, పదకొండు, పన్నెండు. వేలు అలవాటుగా ఇంకో గీతకు కదలబోయింది. మణికట్టు మీద చల్లటి చెయ్యి పడింది, ఈసారి పట్టుకోలేదు, ఊరికే ఆనింది.

"చాలమ్మా" అంది చిన్నమణి.

సురేఖ ఆగింది.

ఇప్పుడు సురేఖ వార్డులో ఉంది. సిరంజిలో మందు లాగేటప్పుడు చీటీలో రాసిన గీత దగ్గర మణికట్టు చల్లబడుతుంది, చెయ్యి ఆగిపోతుంది. ఇంతవరకూ ఒక్క గీత దాటలేదు. ఆదివారాలు అంగట్లో నాయన పక్కన కూర్చొని బియ్యం కొలుస్తుంది. పడి నిండాక గుప్పెడు కొసరు వేస్తుంది, ఒక్కోసారి రెండు. అక్కడ ఆమె చెయ్యి ఎవ్వరూ పట్టుకోరు.