మైకు పిన్ని గొంతు డిస్కుకి చేరలేదు

ఫైలు ఉంది. పేరుంది, తేదీ ఉంది. లోపల మాత్రం సున్నా. అక్క మళ్ళీ నొక్కింది. మైకు పిన్ని గొంతు పలకలేదు.

"ఏం చేశావురా?"

"నేనేం చేశానే? నిన్న సాయంత్రం కరెంటు పోయింది," అన్నాడు తమ్ముడు కుర్చీలోంచి లేవకుండానే. "అరిస్తే కరెంటు వాళ్ళ మీద అరుచుకో."

"కరెంటు పోయినా మాట పోకూడదనే కదరా అంత కష్టపడి రాసి చచ్చాను!"

జబ్బు చేసి గొంతు తీసేయాల్సిన వాళ్ళు ఆపరేషన్‌కి ముందే ఆసుపత్రిలోని ఈ గదికొచ్చి తమ మాటలు భద్రపరుచుకుంటారు. తర్వాత చేతిలో పట్టే చిన్న యంత్రం వాళ్ళ గొంతుతోనే వాళ్ళ తరఫున మాట్లాడుతుంది. ప్రోగ్రామ్ రాసింది అక్క, చూసుకునేది తమ్ముడు. ఇవాళ ఆపరేషన్ వాళ్ళ పిన్నికే. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఊరందరినీ బస్సులెక్కించి సాగనంపిన మనిషి, అందుకే మైకు పిన్ని. తల్లి పోయాక వీళ్ళిద్దరినీ పెంచిన మనిషి. అక్కని "అమ్మాయ్" అని పిలిచేది లోకంలో ఆవిడొక్కతే. ఆ పిలుపు దాచుకోవాలనే నిన్నంతా అక్క మైకు పక్కనుంచి కదల్లేదు.

అక్క ప్రోగ్రామ్ తెరిచి చూసింది. ఉండాల్సిన చోట ఆ లైను లేదు.

"ఎఫ్‌సింక్ ఏదిరా?"

తమ్ముడు మెడ గోక్కున్నాడు. "తీసేశా. ప్రతి మాటకీ తెర బిగుసుకుపోతోందే. పేషెంట్లు విసుక్కుంటున్నారు. అయినా డిస్కుకి జర్నల్ ఉందిగా, అన్నీ అదే చూసుకుంటుందని..."

"నీ మొహం చూసుకుంటుంది!"

జర్నల్ అంటే, డిస్కు మీద చేయబోయే మార్పులని ముందుగా రాసిపెట్టుకునే చిట్టా. కరెంటు పోయి వస్తే అందులో చూసుకుని పేర్లూ చోట్లూ సరిచేస్తారు. ఫైల్లో సరుకు చేరిందో లేదో ఆ చిట్టాకి పట్టదు. సరుకు అప్పటికింకా మెమరీలోనే ఉంటుంది, కరెంటుతో పాటే పోతుంది. అంతా డిస్కు మీదకి చేరిందా అని అడిగి, చేరేదాకా అక్కడే నిలబడేది ఎఫ్‌సింక్. కొత్త మాట చేరినప్పుడల్లా ప్రోగ్రామ్ మొత్తం గొంతుని కొత్త ఫైల్లోకి తిరిగి రాస్తుంది. ఎఫ్‌సింక్ లేకపోయేసరికి, ఆ కొత్త ఫైల్లోకి గొంతు చేరకముందే ప్రోగ్రామ్ పాత ఫైల్ని తీసిపారేసి దాని పేరు కొత్తదానికి తగిలించింది. జర్నల్ ఆ పేరుని మాత్రం పదిలంగా కాపాడింది.

"రెండో కాపీ?"

"అది... ఈ ఖాళీదాన్నే కాపీ చేసుకుంది."

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. తమ్ముణ్ణి పక్కకి నెట్టి ఆ లైను మళ్ళీ రాసింది. ఫైలుకే కాదు, ఫైలున్న ఫోల్డరుకీ రాసింది. మైకూ, మాటలు రికార్డు చేసే యంత్రమూ చంకన పెట్టుకుని వార్డుకి పరిగెత్తింది.

పిన్ని పడుకున్న తోపుడు మంచం అప్పటికే వార్డు చివర, ఆపరేషన్ గది గుమ్మంలో ఉంది.

"చెప్పకే, కంగారు పడుతుంది," వెనకనుంచి గొణిగాడు తమ్ముడు.

"పిన్నీ, నిన్నటిదంతా పోయింది. వీడు పోగొట్టాడు."

"పేరు మారింది గానీ పిన్నీ, లోపలికేమీ చేరలేదు..." తమ్ముడు నసిగాడు.

అక్క గోడకి తీగ తగిలించి, యంత్రం లేచాక రికార్డింగు నొక్కి మైకు ముందు పెట్టేసరికి పిన్ని లేచి కూర్చుంది. బొంగురుపోయిన గొంతైనా వార్డంతా ఇటు తిరిగింది.

"ఏరా సన్నాసీ! రోజంతా గొంతు చించుకుని వాగింది గాలికొదిలేశావా? బోర్డు మార్చేస్తే బస్సు నిండినట్టేనట్రా? జనం ఎక్కారో లేదో చూసుకోవద్దూ? పలకిస్తే పలక పారేశావు, గొడుగిస్తే గొడుగు పారేశావు, ఇప్పుడు నా గొంతు పారేశావా? నీకు పెట్టిన తిండి ఏ రాతిబండకి పెట్టినా నాలుగు మాటలు నేర్చుకునేది కదరా!"

దగ్గు తెర ముంచుకొచ్చింది. నర్సు అడ్డం వచ్చింది. "ఇక చాలమ్మా. లోపల డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు."

"సేవ్ అయిందే, అదిగో తెర మీద," అన్నాడు తమ్ముడు ఊపిరి పీల్చుకుంటూ.

"తెర మీద మాట నువ్వు నమ్ము. నిన్న కూడా ఇదే చెప్పింది."

అక్క గోడలోంచి తీగ లాగేసింది. తెర నల్లబడింది.

"అయ్యయ్యో! పిచ్చి పట్టిందా నీకు?"

"ఇప్పుడు చూద్దాం ఏం మిగిలిందో." తీగ తిరిగి తగిలించింది. యంత్రం మెల్లగా మేలుకుంటూ తన చిట్టా తిరగేసుకుంటోంది.

ఈలోగా మంచం కదిలింది. పిన్ని చెయ్యి చాపి అక్క మణికట్టు పట్టుకుంది.

"అమ్మాయ్," అంది, ఇందాకటి అరుపు ఇసుమంతైనా లేకుండా. "ఏమన్నా తిన్నావా? ఆ కోపంతో కడుపు మాడ్చుకోకే అమ్మాయ్."

అక్క చేతిలోని మైకు ఇంకా చచ్చే ఉంది. తలుపు రెక్కలు తెరుచుకున్నాయి, మంచం లోపలికి వెళ్ళగానే మూసుకున్నాయి.

యంత్రం లేచింది. "ఏరా సన్నాసీ!" అంటూ మొదలుపెట్టింది. బస్సూ, పలకా, గొడుగూ, చివరి దగ్గుతో సహా ఒక్క ముక్క పోలేదు.

"అమ్మయ్య, అంతా ఉందే!" అన్నాడు తమ్ముడు.

అక్క మొదటినుంచీ మళ్ళీ విన్నది. అన్నీ వాడికి పడిన తిట్లే, "అమ్మాయ్" అన్న పిలుపు ఒక్కటీ లేదు. తీగ లాగింది మాత్రం తన చెయ్యే.

"నోరు ముయ్యరా," అంది పళ్ళు బిగపట్టి. మూసిన తలుపు వైపు తిరిగి నిలబడింది.