ఇంటి మడి ఆకు

పంపిన పొడి పరీక్షలో పాసైందని ఫోన్ వచ్చినప్పుడు అంబిక చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. కాలీఫ్లవర్ ఆకును దంచి పిండిన రసం అది. మరిగిస్తే విరిగిన పాలలా గడ్డ కడుతుంది. గుడ్డలో వడగట్టి ఆరబెట్టి పొడి చేసుకోవాలి. ఆకులోని పీచు ఆవుకు అరుగుతుంది, మనిషికి అరగదు. అందుకని పిప్పి ఆవుకు, పొడి మనిషికి. బర్గూరు కాలేజీలో నేర్చిన ఈ విద్యను అంబిక పెళ్ళయిన మూడు నెలలుగా డెంకణికోట దగ్గరి అత్తవారింట్లో, వసారాలో రోలు పెట్టుకుని సాగిస్తోంది.

ఫోన్ చేసింది హోసూరు బిస్కెట్ల కంపెనీ. పొడిలో సగం మాంసకృత్తులేనట, పురుగుమందు జాడే లేదట. బడిపిల్లల బిస్కెట్లలో కలపడానికి నెలకు వంద కిలోలు కావాలట.

అంబిక ఆ చేతులతోనే భర్త కార్తిక్ బుగ్గలు పట్టుకుంది. మూకండపల్లి ఫ్యాక్టరీలో డ్యూటీకి వేసుకున్న తెల్లచొక్కా మీద రెండు చుక్కలు పడ్డాయి.

"మార్చుకో," అంది నవ్వుతూ.

"ఎందుకు? అడిగితే మా ఇంటామె సంతకమని చెప్తా."

మామ సోమప్ప టీ గ్లాసు దించాడు. "పారేసే ఆకుకు ఫోన్ వచ్చింది. ఇంక పేడకు ఎప్పుడొస్తుందో."

"దానికీ వస్తుంది మామా. కింది చేను కోతకు వచ్చింది కదా, పువ్వు చుట్టూ విరిచి గట్టున పడేసే ఆకంతా నాకే. ఈ తూరి నేనే మోసుకొస్తాను."

బియ్యం చెరుగుతున్న అత్త పిల్లమ్మ చేట ఆపింది. "ఆ చేనిదెందుకమ్మా? అది తినేది కాదు."

"ఇన్నాళ్ళూ మీరు తెచ్చిచ్చింది అదే కదత్తా?"

"అయ్యో, దినమూ నోట్లో వేసుకుని రుచి చూస్తానంటివి. అమ్మే చేనిది నీకు ఎట్ల ఇస్తాను? ఇంటి మడిలో కోసి ఇచ్చినాను. దాంట్లో మందు కొట్టము."

ఇంటి వెనక నాలుగు బారల మడి. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒకటి ఉంది. ఇంట్లో వండుకునేది అందులో పండిందే. కృష్ణగిరి టౌనులో పెరిగిన అంబికకు అది ముచ్చటగా కనిపించింది గాని, ఎందుకుందో అడగాలని తోచలేదు. టౌనులో ఇరవై మూడేళ్ళు ఆమె తిన్నది కింది చేను లాంటి చేలలో పండిందే.

"కింది చేనుకు ఎన్నాళ్ళకొక తూరి కొడతారు మామా?"

"నాలుగు దినాలకు. నిన్న కూడా కొట్టినాము."

"కోత ఎల్లుండే కదా. తినేవాళ్ళు?"

"కడుక్కుంటారు." సోమప్ప గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "పువ్వులో ఒక్క పురుగు కనిపిస్తే మీ టౌనువాళ్ళే పక్కకు తోస్తారు కదమ్మా."

కార్తిక్ గడపలోనే నిలబడిపోయాడు. "పాసయింది కదా అంబికా. ఇంటి మడిదే పంపిస్తూ ఉండు."

"మడి మొత్తం పీకినా రెండు కిలోలు రాదు. మిగతా తొంభై ఎనిమిది?"

ఏ చేను ఆకైనా ఎండి పొడయ్యాక ఒకే పచ్చ.

"కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది," అన్నాడు సోమప్ప మెల్లగా. పాపం, కోడలి సంతోషం పోకూడదనే అన్నాడు.

"నేను మంచిదే ఇచ్చినాను," అంది పిల్లమ్మ. ఆమె గొంతులో తప్పు చేసినట్టు లేదు, నొచ్చుకున్నట్టుంది. అంబికకు ఆమె మీద కోపం తెచ్చుకోవడం చేతకాలేదు. తన మీద అంత ప్రేమ లేకపోతే ఆ పొడి మొదటి పరీక్షలోనే పోయేది. ఆ ప్రేమ ఇంటి మడి దాటి పోదు.

"రేపు ఆరుగంటలకు కింది చేనుకు పోతాను," అంది. "ఒక సంచి ఆకు కోసుకుని నేనే కంపెనీకి తీసుకుపోతాను. మొదటిది ఇంట్లో తినే ఆకు, ఇది మేము అమ్మే చేనిది, దీన్ని పరీక్ష చెయ్యండని చెప్తాను."

"ఫెయిలవుతుందమ్మా," అన్నాడు సోమప్ప.

"అవుతుంది మామా. అత్తా, మందు కొట్టేటప్పుడు వేసుకునే గ్లౌజులు యాడ పెట్టినారో చెప్పండి, పొద్దున్నే కావాలి."