జమ్మికెక్కిన మూడు తుపాకులు

కృష్ణమోహన్‌కి తుపాకుల పిచ్చి ఉందని టెక్సాస్‌లో ఇర్వింగ్ ఊళ్ళోని తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆయన భార్య వసుమతికి తుపాకులంటే చచ్చేంత భయమని కూడా తెలుసు. ఆ రెండో సంగతి ఊరంతా చాటింది కృష్ణమోహనే. పదిమంది కూడిన చోట పెళ్ళాం పిరికితనం కంటే చవకైన వినోదం ఇంకేం దొరుకుతుంది!

మనిషి చెడ్డవాడేం కాదు. పగలంతా ఓ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో సర్క్యూట్లు గీసుకుంటాడు, సాయంత్రం కూతురు రేణుకి లెక్కలు చెబుతాడు. అమెరికా వచ్చిన కొత్తలో, ఆఫీసులో పనిచేసే హోయ్ట్ అనే టెక్సాస్ ఆసామి తన రాంచ్‌కి తీసుకెళ్ళి, కంచె మీద కోక్ డబ్బాలు నిలబెట్టి, చేతికో రైఫిల్ ఇచ్చాడు. డబ్బా ఎగిరిపడింది. దాంతోపాటు ఈయన బుద్ధీ ఎగిరిపోయింది. అప్పటినుంచి గరాజ్ సేల్స్‌లోనూ తాకట్టు కొట్లలోనూ వెతికి వెతికి తెచ్చుకున్నాడు. అన్నీ ఒకే జాతివి, రిమ్‌ఫైర్ రైఫిళ్ళు. చిటికెనవేలి కణుపంత తూటా. పేలే మందు దాని అడుగున అంచు చుట్టూ ఉంటుంది, లోపలి సూది ఆ అంచు మీద కొడితే పేలుతుంది. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు, అంతే.

"ఇది బొమ్మ తుపాకీయే వసూ, డబ్బాలు కొట్టుకునేది," అనేవాడు.

కాని తూటాల పెట్టె మీద అచ్చేసిన మాట వసుమతి చదివింది. ఒక మైలు దాకా ప్రమాదం అని ఉంది దానిమీద. వాళ్ళింటినుంచి ఒక మైలులో రేణు బడి ఉంది, లైబ్రరీ ఉంది, స్నేహితురాలు శాంతి వాళ్ళ అపార్ట్‌మెంట్ ఉంది.  వాక్యూమ్ చేస్తూ తుపాకులు దాచిన క్లోసెట్ దాకా వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. పోయిన వేసవిలో కార్పెట్ మీద ఇత్తడి రంగులో ఏదో కనిపిస్తే "తూటా! తూటా!" అని కేకలేసి, రేణుని చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తింది. తీరా చూస్తే అది ఆమె లిప్‌స్టిక్ మూత. ఆ కథ డల్లాస్ దాకా పాకింది.

ఎనభైనాలుగులో రేణుకి తొమ్మిదేళ్ళొచ్చాయి. క్లోసెట్ పై అర చేతికందడం మొదలైంది. అది గమనించిన రోజు వసుమతి స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుని వచ్చి మొగుడి ఎదురుగా కూచుంది.

"మూడు ఉంచుకోండి. మిగతావి అమ్మెయ్యండి. మూడంటే మూడే. లేకపోతే నేను పిల్లని తీసుకుని శాంతి వాళ్ళింటికి పోతాను."

 కృష్ణమోహన్ నవ్వబోయి ఆగాడు. మర్నాడు ఒప్పుకున్నాడు.

అయితే ఒప్పుకోవడం వేరు, ఎంచుకోవడం వేరు. హాల్లో దుప్పటి పరిచి తొమ్మిదింటినీ వరసగా పడుకోబెట్టాడు. పిల్లల్లో ఎవర్ని దత్తతకివ్వాలో తేలని తండ్రిలా వాటి చుట్టూ తిరిగాడు. ఒకటి తీసి పక్కన పెడతాడు, కాసేపటికి మళ్ళీ వరసలోకి తెస్తాడు. వసుమతి సోఫా మీద కాళ్ళు పైకి ముడుచుకుని, ఏ గొట్టం ఎటు చూస్తోందో కనిపెట్టుకుని కూచుంది.

ముందుగా తేలింది ఒంటి తూటా తుపాకీ. ఎవరో పిల్లవాడు దాని కర్ర మీద చాకుతో తన పేరు చెక్కుకున్నాడు. ఆ పేరు కోసమే ఉంచుకుంటానన్నాడు. రెండోది బరువైన బోల్ట్ రైఫిల్, పోటీల్లో గురి చూసి కొట్టేది. దాన్ని భుజానికెత్తితే ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుందట. మూడోదానికే పెద్ద తర్జనభర్జన పడ్డాడు. చివరికి లీవర్ తుపాకీ గెలిచింది. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న లీవర్ని కిందికి లాగి మళ్ళీ పైకి కొడితే కొత్త తూటా ఎక్కుతుంది. తూటాలన్నీ గొట్టం కిందే ఉన్న ఇంకో సన్నగొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. ఆ లీవర్ చప్పుడు రేణుకి మహా ఇష్టం.

"అందులో ఏం లేదుగా?" అంది వసుమతి.

కృష్ణమోహన్ లీవర్ని మూడు నాలుగుసార్లు గబగబా ఆడించాడు. ఏమీ బయటికి రాలేదు. "చూశావుగా. ఖాళీ."

మూడూ తేలాక ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. ఈ మూడింటినీ దసరాకి జమ్మి ఎక్కిస్తే, ఇక అవి ఇంటివే అయినట్టు లెక్క!

టెక్సాస్‌లో జమ్మి ఎక్కడిదంటారా? మొక్కల మీద రీసెర్చ్ చేసే జగన్మోహన్ గారు ఆ చిక్కు ఏనాడో విప్పారు. ఇక్కడ ఎటు చూసినా పెరిగే మెస్కీట్ చెట్టు మన జమ్మికి దగ్గరి చుట్టమట. అవే ముళ్ళు, అవే సన్నాకులు, అవే కాయలు. రాజులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలు మూటగట్టి దాచిన చెట్టుకి ఇది పినతల్లి కూతురు. అందుకని ఏటా దసరా దాటిన శనివారం నాలుగైదు కుటుంబాలు హోయ్ట్ రాంచ్‌కి డ్రైవ్ చేసి, అక్కడి పెద్ద మెస్కీట్ కింద పూజ చేసుకునేవాళ్ళు. పురోహితుడు కూడా జగన్మోహన్ గారే. ఇన్నాళ్ళూ చెట్టుకి కట్టింది స్క్రూడ్రైవర్లూ, కార్ తాళాలూ, ఓ కాలిక్యులేటరూ. ఈసారి నిజంగా ఆయుధాలే కడదామన్నాడు కృష్ణమోహన్. అందరికీ సరదా పుట్టింది.

శనివారం పొద్దున రాంచ్‌లో మూడింటికీ పసుపు కుంకుమ పెట్టి, తెల్లబట్టలో చుట్టే పని ఆడవాళ్ళకి అప్పజెప్పారు. వసుమతి ఏనాడూ ముట్టుకోలేదు వాటిని. ముట్టుకోనంటే నలుగురిలో మళ్ళీ నవ్వు. పళ్ళ బిగువున లీవర్ తుపాకీని ఎత్తి బట్ట మీద పెట్టబోయింది. కర్ర వైపు బరువుకి అది ఆమె చేతిలో ఒరిగింది.

లోపల ఏదో జారింది. టిక్, అని చిన్న చప్పుడు.

 వసుమతి గాజులేమోనని చూసుకుంది. గాజులు పైకి తోసి ఉన్నాయి. మళ్ళీ ఒంచితే తెలిసేది, కాని మళ్ళీ ఒంచే ధైర్యం ఆమెకి లేదు.

"ఏవండీ..." అంది.

చెట్టు దగ్గర తాళ్ళు సర్దుతున్న కృష్ణమోహన్ ఇటు తిరిగాడు. ఆమె మొహం చూడగానే విషయం అర్థమైపోయిందనుకున్నాడు.

"ఏం వసూ, లిప్‌స్టిక్కా?"

అందరూ నవ్వారు. శాంతి నవ్వింది, కెమెరా మెళ్ళో వేసుకున్న విద్య నవ్వింది, జగన్మోహన్ గారు కూడా మంత్రాల పుస్తకం చాటున నవ్వారు. రేణు సరేసరి. వసుమతి కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే చెప్పవలసిన మాట మింగేసింది. తాడుని చూసి పాము అన్నదాని మాట పాముని చూసినప్పుడు ఎవడు వింటాడు?

బట్ట చుట్టారు, పసుపు దారం కట్టారు, కొమ్మకి వేలాడదీశారు. జగన్మోహన్ గారు మంత్రం మొదలెట్టారు. ఒకసారి మంత్రం పడ్డాక ఉద్వాసన చెప్పేదాకా ఆ మూటని ఎవరూ కదపకూడదు. కదిపితే పూజ భంగం. ఆ నియమం చిన్నప్పటినుంచీ వసుమతి ఒంట్లో ఉంది. బళ్ళో వేసే రోజు పలక పూజలో ఉందని, ముట్టుకోకుండా ఏడుస్తూ కూచున్న పిల్ల ఆమె.

అందరితో పాటు చెట్టు చుట్టూ తిరిగింది. గాలికి మూట ఊగుతోంది. ఊగినప్పుడల్లా లోపల టిక్ మన్నట్టే ఉంది. మూట కింద తలలన్నీ దాటి పోతున్నాయి. నల్ల జడలు, జగన్మోహన్ గారి బట్టతల, రేణు పసుపు రిబ్బన్. రిబ్బన్ మూట కిందికి వచ్చిన ప్రతిసారీ వసుమతి ఊపిరి బిగబట్టింది. ఊరికే వేలాడేది పేలదని ఆమెకీ తెలుసు. కాని భయానికి తెలివితో పనేముంది! తల్లీ, నా చెవులు అబద్ధం చెప్పాయనిపించు, ఇంకెప్పుడూ భయపడనని మొక్కుకుంది. నోటితో చెప్పడానికి సిగ్గుపడి, మనసులో చెట్టుకి మొక్కుకుంటోందన్నమాట.

ఉద్వాసన అయింది. మూట దింపారు. ఇక మిగిలింది రేణు నెల్లాళ్ళుగా ఎదురుచూస్తున్న తంతు. చెట్టు దిగిన విల్లుని ఒకసారి నారి మోగించాలి కదా. తుపాకీకి నారి లేదు గనక ట్రిగ్గర్ నొక్కి టక్‌మనిపిస్తామన్నాడు కృష్ణమోహన్. మామూలుగా ఆయన ఆ పని చచ్చినా చెయ్యడు. ఈ రకం తుపాకుల్లో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే సూది పోయి గొట్టం అంచుకి కొట్టుకుంటుంది, అంచు దెబ్బతింటుంది. ఏడాదికోసారైతే ఏం కాదులే అనుకున్నాడు.

"డాడీ, నేను! నాకు ప్రామిస్ చేశావ్!"

"నీదే. కాని గొట్టం ఆకాశం వంక ఉండాలి. ఎప్పుడూ పైకే. తెలిసిందా?"

"ఐ నో, డాడీ."

కృష్ణమోహన్ లీవర్ లాగి ఖాళీ అని అందరికీ చూపించాడు. అలవాటుగా పైకి కొట్టాడు. ఆయన చేతిలో తుపాకీ తలకిందులై, నిలువై, మళ్ళీ అడ్డమైంది. రేణుకి ఇచ్చాడు. ఆ పిల్ల చెప్పినట్టే ఆకాశం వంక పట్టుకుంది. ఆ లీవర్ చప్పుడంటే ప్రాణం కదా, తనూ ఒకసారి లాగి పైకి కొట్టింది. ఈసారి చప్పుడు వేరుగా ఉంది. ఏదో ఎక్కినట్టు, కాస్త బరువుగా.

ఆ తేడా అక్కడ వినిపించింది ఒక్క వసుమతికే. పొద్దుట్నుంచీ ఆమె చెవులు ఆ తుపాకీ మీదే ఉన్నాయి మరి.

"రేణూ, ఇటు చూడమ్మా, స్మైల్!" అంది విద్య కెమెరా ఎత్తి.

రేణు తిరిగింది. పిల్లతోపాటు గొట్టమూ తిరిగి కిందికి దిగింది. కెమెరా వంక, కెమెరా వెనకున్న విద్య వంక, విద్య కొంగు పట్టుకుని నిలబడ్డ ఆమె చంటివాడి వంక. రేణు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది, వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

వసుమతి అరవలేదు. అరుపులకి విలువ లేదని ఆమెకి నేర్పేశారు గదా. పరుగెత్తింది. చీర కాళ్ళకి చుట్టుకుంటే మోకాళ్ళ మీద పడుతూనే, ఏ ఇనప గొట్టాన్ని చూస్తే ఒళ్ళు జలదరించేదో దాన్నే రెండు చేతులతో పట్టుకుని పైకి తోసింది.

ఎండుపుల్ల విరిగినంత చప్పుడు. అంతే.

చెట్టులోంచి సన్నాకులు రాలాయి. విద్య భుజాల మీద, చంటివాడి తలమీద, వసుమతి జుట్టులో. ఒక చిన్న కొమ్మ సగం తెగి వేలాడుతోంది.  చంటివాడు ఏడుపందుకున్నాడు, వాడి వెనకాల రేణు. విద్య కెమెరా వదిలేసి కొడుకుని ఎత్తుకుని ఒళ్ళంతా తడుముతోంది.

కృష్ణమోహన్ తుపాకీని అందుకున్నాడు. సన్నగొట్టంలో తూటాల్ని నెట్టే ఇత్తడి కమ్మీ లాగితే మొదట రాలేదు. రెండోసారికి వచ్చింది. ఎండకి పట్టి చూస్తే ఆ సన్నగొట్టం మీద చిన్న సొట్ట. తూటా అక్కడ ఇరుక్కుని ఉండిపోయింది. ఎన్నిసార్లు లీవర్ ఆడించినా రానిది, ఒంచి ఎత్తి ఊపేసరికి వదులైంది. 

భార్య దగ్గరికి వచ్చి నేలమీద కూలబడ్డాడు. ఆమె అరచేతులకి పసుపూ కుంకుమా అంటి ఉన్నాయి.

"పొద్దున నువ్వు నన్ను పిలిచావు కదూ?"

"ఊఁ."

"ఏం చెబుదామని?"

"లోపల ఏదో కదిలిందని."

 పదిమందీ వింటున్నారు. పొద్దున నవ్వినవాళ్ళే అందరూను. జగన్మోహన్ గారు పుస్తకం మూసి తల దించుకున్నారు.

ఆ మధ్యాహ్నం జమ్మి పంచుకోవడం ఎవరికీ గుర్తురాలేదు. బయల్దేరబోతుంటే రేణు మాత్రం ఎక్కిళ్ళు పెడుతూనే కిందరాలిన ఆకులు గుప్పెడు ఏరి తెచ్చి, తల్లి చేతిలో పెట్టి, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. "బంగారం, మమ్మీ," అంది. అలా అనాలని ఏటా ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. ఈసారి ఎవరూ చెప్పలేదు.

తిరుగుదారిలో హైవే ఎక్కాక కృష్ణమోహన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకా అమ్మని ఆ ఆరూ, ఈ మూడూ, అన్నీ ఇచ్చేస్తాను వసూ. ఒక్కటి కూడా వద్దు."

కిటికీలోంచి చూస్తున్న వసుమతి ఇటు తిరిగింది.  

"ఎనిమిది ఇచ్చెయ్యండి. ఈ లీవర్ది ఉంచండి."

"ఇదా? ఎందుకు?"

"పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి, తాళం నా దగ్గరుంటుంది. నాకు మళ్ళీ ఎప్పుడో భయమేస్తుంది. అప్పుడు మీకు నవ్వొస్తుంది. నేనేం మాట్లాడను. తాళం తీసి దీన్ని మీ ముందు పెడతాను."

కృష్ణమోహన్ తల ఊపాడు. వెనక సీట్లో రేణు నిద్రపోయింది. ఇల్లు చేరేదాకా ఆయన అద్దంలో ఆ పసుపు రిబ్బన్‌నే చూస్తూ డ్రైవ్ చేశాడు.