తోడు చుక్క

మా ఆయన మీద నాకున్నది ఒకటే ఫిర్యాదు. ఆయనకు వంటిల్లు తెలియదు, సాహిత్యం తెలుసు. ఈ రెండూ అటూ ఇటూ అయ్యుంటే ఇల్లు ఇంకాస్త ప్రశాంతంగా ఉండేది.

ఆయన, అంటే ఫిలిప్ గారు, యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. ఆదివారాలు లాలాపేట్ చర్చిలో ఆశ గురించి ముప్పావుగంట మాట్లాడతారు. అలాంటి మనిషి చేతికి మా అమ్మాయి సౌమ్య తన కథ ఇచ్చింది, శనివారం క్యాంపస్‌లో పిల్లలు రాసిన కథల సభలో చదువుదామని. సభకు పెద్ద ఆయనే.

కథలో సూర్యుణ్ణి ఏదో మింగేసింది. రాజు శత్రువుకు అమ్ముడుపోయాడు. వీరుడు మూడో పేజీలోనే పోయాడు. కోటకు శవాలు కాపలా. చివర్లో కూలిన గోడ పక్కన ఒక ముసలావిడ పాలు కాచి, తోడు చుక్క వేసి, మూత పెడుతుంది. అంతే.

"ఒట్టి విరక్తి," అన్నారాయన కళ్లజోడు తీసి. "ఈ చీకటి కథలన్నీ ఇంతేనమ్మా. మనుషుల మీద నమ్మకం లేని సరుకు. పైగా ముగింపు లేదు, పాలగిన్నె దగ్గర ఆపేశావు. ఇది వద్దు. కాస్త ఆశ ఉన్నదేదైనా రాయి."

"సరే డాడీ," అంది సౌమ్య. వంటింట్లోకి వచ్చి నాతో, "సభలోంచి పేరు తీయించేసుకుంటా మమ్మీ. ఇంక రాయను కూడా," అంది. అరవలేదు, ఏడవలేదు. అదే నాకు నచ్చలేదు.

ఆ సాయంత్రం పాలు కాచాను. మూత పెట్టాను. తోడు మాత్రం వేయలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చి, చారన్నం ముగించి, కంచం ముందుకు జరిపారు.

"పెరుగేదీ?"

"లేదండి. తోడెయ్యలేదు."

"ఒంట్లో బాగాలేదా రూతూ?"

"నిక్షేపంలా ఉన్నాను. రేపంటూ ఒకటి ఉంటుందో లేదోనని..."

"రేపు లేకపోవడమేంటి! తెల్లారితే పెరుగుండాలా వద్దా?"

"ఏమోనండీ. ఇంత ఎండ కాస్తున్న మన తార్నాకలో నాకే నమ్మకం కుదరలేదు. ఆ కథలో ముసలావిడకి సూర్యుడు కూడా లేడు, పాపం. అయినా తోడేసింది."

ఆయన లేచి ఎంగిలి చెయ్యి కడుక్కుని సౌమ్య గదిలోకి వెళ్లారు. "ఆ కథే చదువమ్మా," అన్నది వినపడింది. తప్పన్న మాట మాత్రం వినపడలేదు. ప్రొఫెసర్లకు ఆ మాట గొంతుకు అడ్డం పడుతుంది. దించుకోవడానికి ఆ పూట మజ్జిగ కూడా లేదాయె.

శనివారం సౌమ్య చదివింది. నేను వెనక వరసలో కూర్చున్నాను. చదవడం అయ్యాక సందీప్ అనే కుర్రాడు లేచాడు.

"ఏంది సార్ ఇది, అందరు సచ్చిపోయిన్రు. హోప్ ఏడున్నది గిండ్ల?"

ఫిలిప్ గారు నా వైపు చూశారు. నేను పైన తిరుగుతున్న ఫ్యానును చూశాను.

"నేనూ మా అమ్మాయితో ఇదే అన్నాను బాబూ," అన్నారు మైకులో. "పాలగిన్నె దాకా వచ్చి కూడా అందులో వేసిన తోడు చుక్కను చూడలేదు. తప్పు చదివాను. తప్పు నాదే."